పొగ మాన్పించడంలో వర్చువల్ రియాలిటీ, ఆటలు

కళ్ళకు తెర తొడిగి మనిషిని కృత్రిమ దృశ్యలోకంలోకి తీసుకెళ్ళే సాంకేతికత వర్చువల్ రియాలిటీ. దీన్నీ, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆడే ఆటలనూ పొగతాగే అలవాటు మాన్పించడానికి వాడే ప్రయత్నాలు 2000 తర్వాత దక్షిణ కొరియా, అమెరికా, కెనడా, స్పెయిన్, బ్రిటన్ దేశాల్లో ఊపందుకున్నాయి. పొగ తాగాలనిపించే సందర్భాన్ని వైద్యుడి గదిలోనే కల్పించి, అందులో బీడీ గానీ సిగరెట్ గానీ ముట్టకుండా నిలబడడం నేర్పేది వర్చువల్ రియాలిటీ. కోరిక ముంచుకొచ్చిన ఆ కొద్ది నిమిషాలు మనసునూ చేతులనూ మరో పనిలో పెట్టేవి, పొగ లేకుండా గడిచిన ప్రతి రోజునూ గెలుపుగా లెక్కగట్టి చూపేవి ఆటలు. ఈ రెండూ విడిగా నిలిచే వైద్యాలు కావు. కౌన్సెలింగ్‌కు, మందులకు తోడుగా పనిచేసే సాధనాలు.

ఈ సాధనాల చరిత్ర, పనితీరు, ఇప్పటివరకు తేలిన ఫలితాలు ఈ వ్యాసంలో ఉన్నాయి. జనగామ జిల్లా పాలకుర్తి వంటి తెలుగు మండల కేంద్రంలో అవి అక్కరకు రావాలంటే ఏం కావాలో కూడా ఇందులో చర్చించాం.

అలవాటుకు రెండు ముడులు

పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమైన్ విడుదలై హాయి కలుగుతుంది. రోజూ పదులసార్లు ఇది జరిగేసరికి మెదడు దానికి అలవాటుపడుతుంది. మానగానే చిరాకు, నిద్రపట్టకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, ఆకలి పెరగడం మొదలవుతాయి. ఈ బాధలు మొదటి వారంలో తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఇది శరీరం వేసుకున్న ముడి. నికోటిన్ గమ్ములు, ప్యాచ్‌లు, బ్యుప్రోపియాన్, వరెనిక్లిన్ వంటి మందులు దీన్ని వదులు చేస్తాయి.

రెండో ముడి సందర్భానిది. చాయ్ తాగగానే బీడీ, అన్నం తినగానే సిగరెట్, బస్సు కోసం నిలబడితే ఒకటి, దోస్తు కలిస్తే ఇంకొకటి. ఏళ్ళ తరబడి జతగా నడిచిన ఈ పనుల్లో ఒకటి కనబడగానే మెదడు రెండోదాన్ని అడుగుతుంది. గంట మోగితే కుక్క నోట లాలాజలం ఊరడాన్ని చూపిన రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ ప్రయోగాల నుంచి మనస్తత్వ శాస్త్రం దీన్ని అర్థం చేసుకుంది. నికోటిన్ ఒంట్లోంచి పూర్తిగా పోయిన నెలల తర్వాత కూడా పాత సందర్భం ఎదురైతే మనిషి మళ్ళీ పొగలో పడడానికి కారణం ఈ ముడే. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా మానేవాళ్ళలో 6 నుంచి 12 నెలల పాటు నిలబడేది నూటికి 3 నుంచి 5 మంది మాత్రమే. వర్చువల్ రియాలిటీ, ఆటలు ప్రధానంగా ఈ రెండో ముడి మీద పనిచేస్తాయి.

వర్చువల్ రియాలిటీ వైద్యంలోకి వచ్చిన తీరు

తలకు తగిలించుకునే తెరను 1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ రూపొందించాడు. 1995లో బార్బరా రోత్‌బామ్, లారీ హాడ్జెస్ బృందం ఎత్తయిన చోట్లంటే భయపడేవారికి దీనితో చికిత్స చేసి ఫలితం చూపింది. భయం కలిగించే దృశ్యాన్ని కొద్దికొద్దిగా చూపుతూ, ఏ అపాయమూ జరగదని మెదడుకు అనుభవంలో తెలియజెప్పడం ఆ చికిత్స సారం. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్ బృందం తయారుచేసిన ‘స్నోవరల్డ్’ అనే మంచులోకపు ఆట, కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు రోగుల నొప్పిని తగ్గించింది. భయానికీ నొప్పికీ పనికొచ్చిన ఈ పద్ధతి వ్యసనానికీ పనికొస్తుందా అన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది.

మొదట తేలాల్సింది ఒకటుంది: కృత్రిమ దృశ్యం నిజంగా పొగ మీద కోరిక పుట్టిస్తుందా? పుట్టించలేకపోతే దానితో సాధన చేయించి లాభం లేదు. 2003లో దక్షిణ కొరియా పరిశోధకుడు జాంగ్ హాన్ లీ బృందం వర్చువల్ బార్‌ను తయారుచేసి పొగతాగేవారికి చూపింది. మామూలు ఫొటోల కంటే ఆ బార్ బలమైన కోరిక కలిగించింది. అమెరికాలో పాట్రిక్ బోర్డ్‌నిక్ బృందం 2005 ప్రాంతంలో పార్టీ వంటి దృశ్యాలను కల్పించి, వాటిలో తిరిగే మనుషుల చేత సిగరెట్ ఇప్పించి చూసింది. వస్తువు ఒక్కటే కాదు, దాన్ని అందించే మనిషి కూడా కోరికను రగిలిస్తాడని ఈ పరిశోధనల్లో స్పష్టమైంది.

చికిత్సగా వాడినప్పుడు వచ్చిన ఫలితాలు

ఎక్కువమంది ప్రస్తావించే ప్రయోగం కెనడాలోని క్యూబెక్‌ది. బెనొవా జిరార్, స్తెఫాన్ బుషార్ తదితరులు 2009లో దీన్ని ప్రచురించారు. 91 మంది పొగరాయుళ్ళను రెండు గుంపులు చేశారు. అందరికీ 12 వారాల మానసిక, సామాజిక సహాయ కార్యక్రమం ఒకటే. దానికి తోడు వారానికొకటి చొప్పున నాలుగుసార్లు వర్చువల్ లోకంలోకి తీసుకెళ్ళారు. ఒక గుంపువారు అక్కడ కనబడిన సిగరెట్లను పట్టుకుని చేత్తో నలిపేయాలి. రెండో గుంపువారు బంతులను పట్టుకోవాలి. 12వ వారానికి సిగరెట్లు నలిపినవారిలో 15 శాతం మంది పొగ మానగా, బంతులు పట్టినవారిలో 2 శాతం మందే మానారు. ఆరు నెలలకు అడిగితే మానేశామన్నవారు మొదటి గుంపులో 39 శాతం, రెండో గుంపులో 20 శాతం. కార్యక్రమం మధ్యలో వదిలిపోయినవారూ మొదటి గుంపులో తక్కువే.

బోర్డ్‌నిక్ బృందం 2012లో మరో దారి చూపింది. కోరిక పుట్టించి ఊరుకోకుండా, అది పుట్టిన క్షణంలో ఏం చేయాలో అక్కడికక్కడే నేర్పింది. ఎలా కాదనాలి, చోటు ఎలా మారాలి, మాట ఎలా తప్పించాలి అన్నవి వర్చువల్ పాత్రల ముందు పదేపదే సాధన చేయించారు. నికోటిన్ మందుకు ఈ శిక్షణ తోడైన గుంపు, మందు మాత్రమే వాడిన గుంపు కంటే కోరికను బాగా అదుపు చేసుకుంది, తక్కువ పొగ తాగింది.

అన్ని ఫలితాలూ ఇలా లేవు. స్పెయిన్‌లోని ఒవియెదో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంట్లో కాఫీ, రెస్టారెంట్, వీధిలో ఎదురుచూపు, రాత్రి టీవీ ముందు కూర్చోవడం వంటి నిత్యజీవిత దృశ్యాలు రూపొందించి, 2019లో క్రమబద్ధమైన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. నిపుణులు ఇచ్చే మానసిక ప్రవర్తనా చికిత్సకు వర్చువల్ దృశ్యాలు జతచేసినంత మాత్రాన అదనపు మేలు కనబడలేదు.

ఫలితాల్లో తేడా ఎందుకు

కారణం మెదడు నేర్చుకునే తీరులోనే ఉంది. సందర్భానికీ పొగకూ ఉన్న జత చికిత్సలో చెరిగిపోదు. ‘ఈ సందర్భంలో పొగ రాదు’ అన్న కొత్త పాఠం పాతదాని పక్కన చేరుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బౌటన్ దశాబ్దాల ప్రయోగాల్లో తేల్చిందేమిటంటే, పాత పాఠం ఎక్కడికైనా వెంట వస్తుంది, కొత్త పాఠం మాత్రం నేర్చుకున్న చోటికే కట్టుబడి ఉంటుంది. ఆస్పత్రి గదిలో కోరికను జయించినవాడు బయట చాయ్ బండి దగ్గర ఓడిపోవడం ఇందుకే. వ్యసనాల చికిత్సలో ఈ లోపాన్ని కాంక్లిన్, టిఫనీ అనే పరిశోధకులు 2002లోనే ఎత్తిచూపారు.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. ఒకటి, వర్చువల్ దృశ్యం మనిషి రోజూ మసలే చోటును ఎంత పోలి ఉంటే అక్కడ నేర్చిన పాఠం బయట అంత పనికొస్తుంది. రెండు, ఒకే దృశ్యంలో కాక అనేక దృశ్యాల్లో సాధన చేయాలి. కొరియా బార్‌లో, స్పెయిన్ రెస్టారెంట్‌లో చేసిన సాధన వరంగల్ ప్రాంతపు రైతుకు పెద్దగా ఉపయోగపడదు. అతని కోరిక వేరే చోట పుడుతుంది.

ఆటలు

ఆటలతో పొగ మాన్పించే పద్ధతులు మూడు రకాలు. మొదటిది కోరికను దారి మళ్ళించడం. సిగరెట్ మీద కోరిక చాలావరకు మనోదృశ్యంగా వస్తుంది: వేళ్ళ మధ్య సిగరెట్, వెలిగే కొస, పొగ. మనసులోని ఆ దృశ్యస్థలాన్ని మరో పని ఆక్రమిస్తే కోరిక బలహీనపడుతుందన్నది కవానా, ఆండ్రేడ్, మే అనే ముగ్గురు పరిశోధకులు 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతం. దీని ఆధారంగా బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల చేత ముక్కలు పేర్చే ‘టెట్రిస్’ ఆట ఆడించారు. 2015లో ప్రచురించిన ఈ పరిశీలనలో వారం రోజుల పాటు, మూడు నిమిషాల ఆట తర్వాత తిండి, కాఫీ, సిగరెట్, మద్యం వంటి కోరికల తీవ్రత 70 నుంచి 56 శాతానికి తగ్గింది. మూడు నిమిషాలు తక్కువగా తోచవచ్చు. కోరిక పోటు కూడా కొద్ది నిమిషాలదే కాబట్టి ఆ వ్యవధి దాటించడమే అసలు పని.

రెండోది నేర్పే ఆటలు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి రూపొందించిన ‘క్విట్ ఇట్’ ఆటలో, పొగ మానిన రోగి పాత్ర చిక్కు సందర్భాలను ఎలా దాటాలో ఆడేవారే నిర్ణయించాలి. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ‘సిగ్‌బ్రేక్’లో తెరమీది సిగరెట్లను వేలితో విరుస్తూ పోవాలి. యేల్ విశ్వవిద్యాలయం పిల్లల కోసం ‘స్మోక్‌స్క్రీన్’ ఆటను, ఈ-సిగరెట్లకు దూరంగా ఉంచడానికి ‘ఇన్వైట్ ఓన్లీ’ అనే వర్చువల్ రియాలిటీ ఆటను తయారుచేసింది. ఇవి మాన్పించడం కంటే మొదలుపెట్టకుండా ఆపడానికి ఉద్దేశించినవి.

మూడోది లెక్కలు, పతకాలు, మెట్లతో నడిచే మొబైల్ యాప్‌లు. పొగ లేని రోజులు, మిగిలిన డబ్బు, మెరుగైన ఆరోగ్యం వీటిలో కనబడతాయి. వాడుక ఎక్కువే గానీ, ఇవి దీర్ఘకాలం పొగ మాన్పిస్తాయనడానికి గట్టి రుజువులు ఇంకా తక్కువ. ఇంతకంటే సాదా పద్ధతికి మంచి రుజువు ఉంది. బ్రిటన్‌లో 5,800 మందితో జరిగి 2011లో వెలువడిన పరీక్షలో పొగ మానమని ప్రోత్సహించే సంక్షిప్త సందేశాలు ఫోన్‌కు అందినవారిలో ఆరు నెలలకు 10.7 శాతం మంది పొగ మానారు, పొగ మానడంతో సంబంధం లేని సందేశాలు అందిన గుంపులో 4.9 శాతం. మాటలో ఆత్మీయత ఉండి సమయానికి అందితే చిన్న ఫోన్ కూడా వైద్యం చేయగలదు.

తెలుగు నేల మీద పొగ

2016–17 జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. తెలంగాణలో ఇది 17.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం. దేశం మొత్తంలో సిగరెట్ తాగేవారు 4 శాతమైతే బీడీ తాగేవారు 7.7 శాతం. పరిశోధనలన్నీ సిగరెట్ చుట్టూ తిరుగుతుంటే మన ఊళ్ళలో బీడీదే పైచేయి. బీడీ ఊరికే ఆరిపోతుంది కనుక గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాలి. దానివల్ల నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోకి ఎక్కువ పోతాయి. చిన్నది కాబట్టి హాని తక్కువన్న నమ్మకం తప్పు.

పొగాకు ఇక్కడ అలవాటుగానే కాక బతుకుతెరువుగా కూడా ఉంది. భూపాలపల్లి, ములుగు అడవుల్లో ఎండాకాలం తునికాకు సేకరణ, నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల వైపు ఆడవాళ్ళ బీడీల పని, గుంటూరు, ప్రకాశం జిల్లాల వర్జీనియా పొగాకు, హైదరాబాద్‌లో 1930 నాటి వజీర్ సుల్తాన్ కంపెనీ, దాని చార్మినార్ సిగరెట్టు ఇందులో భాగాలు. బీడీ చుట్టే ఇంట్లో బీడీ మానమని చెప్పడం సులువు కాదు. ఆ కుటుంబాలకు వేరే ఉపాధి చూపే ప్రయత్నం కూడా ఈ పనిలో భాగం కావాలి.

మాన్పించే ప్రయత్నాలకు తెలుగునాట గొప్ప పూర్వరంగం ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలో చుట్ట వెలిగే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఉండేది. అంగిలికి వచ్చే క్యాన్సర్‌కు అది దారితీసేది. 1977 నుంచి ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని కలిసి, విడివిడిగా మాట్లాడి, సినిమాలు, పోస్టర్లు, రేడియో ద్వారా నచ్చజెప్పారు. 1986లో ‘లాన్సెట్’లో వెలువడిన ఫలితాల్లో పొగాకు మానినవారు, తగ్గించినవారు పెరిగారు. క్యాన్సర్‌కు ముందుగా నోట్లో వచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. ఆనాటి కొత్త సాంకేతికత సినిమా. దాని వెనక ఇంటింటికీ వెళ్ళిన మనిషి ఉన్నాడు, చూపిన అలవాటు ఆ ఊరిది. వర్చువల్ రియాలిటీకి కూడా ఈ రెండూ కావాలి.

పాలకుర్తికి తగిన దృశ్యలోకం

పాలకుర్తి ఒకప్పుడు వరంగల్ జిల్లాలోది. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ జిల్లాలో మండల కేంద్రం. శివకవి పాల్కురికి సోమనాథుడి ఊరు. పండితులకే పరిమితమైన మార్గ కవిత్వాన్ని పక్కనపెట్టి, అందరికీ అర్థమయ్యే జానుతెలుగులో, దేశి ఛందమైన ద్విపదలో రాస్తేనే తన మాట జనంలోకి పోతుందని ఆయన నమ్మాడు. ఆరోగ్యం గురించి చెప్పేవారికీ ఆ దారే సరైనది.

ఇక్కడి రైతుకో హమాలీకో ఆటో డ్రైవర్‌కో పొగ మీద కోరిక పుట్టే చోట్లు వేరు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్, పాన్ డబ్బా ముందు నిలబడే దోస్తులు, పత్తి చేను గట్టు మీద పని మధ్య విశ్రాంతి, సాయంత్రం తాటిచెట్ల కింద కల్లు, పెళ్ళింటి పందిరి, చావింటి ముందు అరుగు, సోమేశ్వరాలయం దగ్గర శివరాత్రి జాతర. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, తునికాకు కాలిన వాసన కూడా కోరికను లేపుతాయి. తయారయ్యే దృశ్యాల్లో ఇవన్నీ ఉండాలి.

అన్నిటికంటే కష్టమైనది మనుషుల మాట. “బావా, ఒక్క బీడీ తాగుదాం పా” అన్నప్పుడు “వద్దే” అనడం మర్యాద తప్పినట్టు అనిపిస్తుంది. పెద్దమనిషి చేయి చాచి ఇచ్చినప్పుడు కాదనడం ఇంకా కష్టం. “డాక్టర్ సాబ్ ఇడిసిపెట్టుమన్నడు బావా, చాయ్ తాగుదాం” అని నొప్పించకుండా తప్పుకునే మాటలను వర్చువల్ పాత్రల ముందు పదిసార్లు పలికితే, పదకొండోసారి నిజమైన బావ ముందు నోరు తిరుగుతుంది.

ఇందుకు ఖరీదైన కంప్యూటర్ చిత్రాలే అక్కర్లేదు. 2014లో వచ్చిన గూగుల్ కార్డ్‌బోర్డ్ మామూలు ఫోన్‌నే అట్టపెట్టెలో పెట్టి వర్చువల్ తెరగా మార్చవచ్చని చూపింది. నలుదిక్కులా చిత్రీకరించే 360 డిగ్రీల కెమెరాతో పాలకుర్తి వీధులనే చిత్రీకరిస్తే అసలు చోటే చికిత్స గదిలోకి వస్తుంది. నైపుణ్యం దూరంలో లేదు. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, 1959లో మొదలైన నేటి ఎన్‌ఐటీ ఉన్నాయి. హైదరాబాద్ ఆటల తయారీకి, సినిమా గ్రాఫిక్స్‌కు దేశంలో పేరున్న కేంద్రం. ‘బాహుబలి’ నిర్మాతలు వర్చువల్ రియాలిటీ చిత్రం కూడా తీశారు. ఆ చేతులు ఊరి దవాఖానాకూ పనికిరావాలి.

పరిమితులు, జాగ్రత్తలు

తెర తొడిగినప్పుడు కొందరికి తల తిరుగుతుంది, వాంతి వస్తున్నట్టుంటుంది. మూర్ఛ జబ్బు ఉన్నవారికి వైద్యుని సలహా లేకుండా వాడకూడదు. ఒకరు వాడిన తెరను మరొకరికి ఇచ్చేముందు శుభ్రం చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, కోరిక పుట్టించిన తర్వాత అది చల్లబడేదాకా మనిషిని బయటికి పంపకూడదు. పంపితే చికిత్సే పొగకు దారితీస్తుంది. మనిషి ఎప్పుడు బలహీనపడతాడో తెలిపే సమాచారం పొగాకు వ్యాపారుల చేతికి చిక్కకుండా కాపాడాలి. ఆటల్లో పొగ తాగే నాయకుడిని ఆకర్షణీయంగా చూపడమూ పిల్లలకు హానే.

ప్రపంచంలో ఇప్పటివరకు జరిగిన పరీక్షలు ఎక్కువగా చిన్నవి, కొద్ది నెలలవి. ముందు పెద్ద పరీక్షలు జరగాలి. వాటిలో బీడీ తాగేవారు, గుట్కా, ఖైనీ నమిలేవారు కూడా ఉండాలి. పొగకు బదులు ఈ-సిగరెట్ పట్టించే దారి మన దేశంలో లేదు. 2019 చట్టం దాన్ని నిషేధించింది.

ఇప్పుడు అందుతున్న సాయం

సాంకేతికత వచ్చేదాకా ఆగనవసరం లేదు. 1800-11-2356 అనే జాతీయ ఉచిత ఫోన్ సేవ 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో మొదలైంది. 2018లో బెంగళూరు నిమ్‌హాన్స్ కేంద్రం తోడవడంతో దక్షిణాది భాషల్లో, తెలుగులో కూడా సలహా దొరుకుతోంది. 2018 సెప్టెంబర్ నుంచి ఈ నంబర్‌ను పొగాకు పెట్టెల మీద ముద్రిస్తున్నారు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ము మందుల దుకాణంలో దొరుకుతుంది. బ్యుప్రోపియాన్, వరెనిక్లిన్‌లకు డాక్టర్ చీటీ కావాలి.

2016–17 సర్వేలో పొగతాగేవారిలో 55.4 శాతం మంది మానాలనుకుంటున్నామన్నారు. గడిచిన ఏడాదిలో ప్రయత్నించినవారు 38.5 శాతం. మానాలన్న మనసు జనంలో ఉంది. కొరత నైపుణ్యానిది, ఆసరాది. అది ఫోన్‌లో వినబడే తెలుగు గొంతుతోనైనా, తన ఊరి చాయ్ హోటల్‌ను కళ్ళ ముందు నిలిపే తెరతోనైనా తీరవచ్చు. వర్చువల్ రియాలిటీని కొనడం కంటే ముందు, పాలకుర్తి మనిషి ఎక్కడ, ఎవరితో, ఏ వేళ బీడీ వెలిగిస్తాడో అడిగి తెలుసుకోవడం, అతని పక్కన ఒక కౌన్సెలర్‌ను నిలబెట్టడం చేయాల్సిన పనులు. అవి జరిగినచోట ఈ సాధనాలు బలాన్నిస్తాయి, జరగనిచోట ఖరీదైన వినోదంగానే మిగులుతాయి.